పాము కరిచిన ఆవు తోలు

తోళ్ళ అబ్దో గాడిద మీంచి దిగకుండానే ఆ మాట అనేశాడు.

"నీ అదృష్టం బాగుందయ్యా హారూనూ, ఆ ఆవు తోలు నీకు చవగ్గా పడింది. పాపం ఆ ఆవుగల ముసల్ది ఇంకా ఏడుస్తూనే ఉంది. కొట్టంలో పాముందని ఎవరు కలగన్నారు? దవడ మీద కాటేసింది. తెల్లారేసరికి తల ఇదిగో, ఇంతైపోయింది." రెండు చేతులూ చాపి గుమ్మడికాయంత చూపించాడు.

హారూన్ చేతిలోని చెప్పులు కుట్టే ఆరె తోలులో సగం దిగి ఆగిపోయింది.

"ఏ ఆవు?"

"ఏ ఆవంటావేంటి? కిందటి నెల నీకు వేసిపోయిన ఎర్రావు."

"గట్టు మీంచి పడి చచ్చిందన్నావు గదా!"

"నేనన్నానా? చచ్చిందన్నాను. గట్టు సంగతి నువ్వే అనుకొని ఉంటావు." అబ్దో గాడిద డొక్కలో మడమతో పొడిచాడు. "తోలుకి విషమేంటయ్యా, నీ పిచ్చిగానీ. తుమ్మ చెక్కలో నానేశాక దేవదూత తోలైనా ఒకటే, దెయ్యం తోలైనా ఒకటే."

గాడిద మలుపు తిరిగిపోయింది. హారూన్ మాత్రం ఆరెను పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఆ ఎర్రావు తోలులోంచి అతను కుట్టింది ఒక్క జతే. మిగతాదంతా సంచులకీ గాడిద పట్టెడలకీ పోయింది. ఆ ఒక్క జత ముక్బిల్ కాళ్ళకుంది. ముక్బిల్ ఆదివారం తెల్లవారుజామున ఒంటెలతో ఉప్పు కోసం కింది మైదానానికి బయల్దేరుతున్నాడు. ఎనిమిది రోజుల నడక, అంతా రాళ్ళ దారి. ఈ రోజు గురువారం.

ఆ కొండ వాలులో ఉన్న పదమూడు యూదుల ఇళ్ళకీ పైనుండే ముస్లిములు, ముక్బిల్ వాళ్ళే అండ. వాళ్ళ తాత వీళ్ళ తాతకి మాటిచ్చాడు. ఆ మాట మీదే పిల్లలు బావికి వెళ్ళి క్షేమంగా తిరిగొస్తున్నారు. అలాంటివాడి కాలికి విషం తొడిగాడు హారూన్.

చిన్నప్పుడు మోరి దగ్గర చదువుకునేటప్పుడు నలుగురు పిల్లలకి ఒకటే పుస్తకం ఉండేది. మోరి అంటే ఆ వాడకి పంతులు, పూజారి, గొడ్లు కోసేవాడు అన్నీ ఆయనే. నలుగురూ పుస్తకం చుట్టూ నాలుగు వైపులా కూర్చునేవాళ్ళు. హారూన్‌కి దక్కింది తలకిందుల వైపు. ఈనాటికీ ఏ మాటైనా గుర్తొస్తే తలకిందులుగానే కళ్ళముందు ఆడుతుంది. ఇప్పుడూ ఆడింది. చచ్చిన గొడ్డు తోలుతో కుట్టిన చెప్పును కోసిన గొడ్డు తోలని చెప్పి అమ్మకూడదు. ఒకటి, అది మోసం. రెండు, అందులో ప్రాణభయం ఉంది. ప్రాణభయం ఏమిటని ఆనాడు ఎవరో అడిగితే మోరి తన బొటనవేలిని పాము పడగలాగా పైకెత్తి చూపించాడు. ఆ గొడ్డు పాము కరిచి చచ్చి ఉంటే విషం తోలులో దాక్కుంటుందట. ఎప్పుడో ఒకనాడు పగిలిన మడమ కోసం చూస్తూ ఉంటుందట. పిల్లలు నలుగురూ కాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు.

అసలు అమ్మిన రోజున హారూన్ అబద్ధం ఆడాడా అంటే, నాలుక ఆడలేదు. తోలు లోపలివైపు నల్లటి నరాలు ఎండిన కొమ్మల్లా కనబడుతూనే ఉన్నాయి. కోసిన గొడ్డుకి నెత్తురంతా దిగిపోతుంది, చచ్చినదానికి నెత్తురు నరాల్లోనే గడ్డకట్టి ఉంటుంది. చేతి పనివాడికి అది తెలియదా? గీకాడు, గీకి నల్లరంగు పట్టించాడు. ముక్బిల్ చెప్పును ఇటూ అటూ తిప్పి, "ఎలాంటి తోలయ్యా ఇది?" అని అడిగాడు. హారూన్ పళ్ళు బయటపెట్టి, "మా మోరి కత్తి పదును మీకు తెలీనిదా అన్నా?" అన్నాడు. అంతే. ముక్బిల్ నవ్వి, చెప్పులు చంకలో పెట్టుకుని పోయాడు. హారూన్ ఒక ప్రశ్నకి ఇంకో ప్రశ్న అడ్డం వేశాడు, ఆ సందులోంచి చచ్చిన ఆవు నడిచిపోయింది.

ఇప్పుడు ఆ ఆవు వెనక్కి తిరిగొచ్చింది.

* * *

ముక్బిల్ కళ్ళంలో ఉన్నాడు. తనవాళ్ళిద్దరితో కలిసి గోనెలు దులుపుతున్నాడు. కాళ్ళకి ఆ చెప్పులే ఉన్నాయి. హారూన్ దూరం నుంచే అతని నడక చూశాడు. కుడికాలు కాస్త ఈడుస్తున్నాడు.

"రావయ్యా రా," అన్నాడు ముక్బిల్. "ప్రయాణానికి ముందు కాలికి అలవాటు చేస్తున్నా. కొత్తవి గదా, మడమ దగ్గర కాస్త కరిచాయి."

దారి పొడుగునా హారూన్ కూడగట్టుకున్న మాటలు ఆ మడమ మాటతో చెదిరిపోయాయి.

"ఏంట్రా ఆ మొహం?" అన్నాడు గోనెలు దులిపేవాడొకడు. "పెళ్ళాం తన్ని తరిమిందా?"

"లేదు బాబూ, ఎండకి..." హారూన్ ముక్బిల్ కాళ్ళ వంకే చూస్తూ అన్నాడు. "అన్నా, ఒకసారి ఆ చెప్పులు విప్పండి. దారి రాళ్ళదారి గదా. అడుగున ఇంకో అట్ట వేసి కుడతాను. ఊరికేలెండి, డబ్బులేం వద్దు. శనివారం పొద్దుపోయాక తెచ్చిస్తాను."

ఈ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియదు. చెప్పులు తీసుకుపోవడం, మంచి తోలుతో అచ్చం అలాంటి జతే కుట్టి ఇచ్చేయడం, అంతటితో గొడవ తీరిపోవడం, అంతా ఒక్క క్షణంలో తట్టింది. ఎంత తేలిక!

ముక్బిల్ గోనె కింద పడేశాడు. దగ్గరికొచ్చి హారూన్ భుజాలు రెండూ పట్టుకున్నాడు.

"విన్నార్రా? అమ్మేసిన వస్తువు కోసం మిట్టమధ్యాహ్నం కొండెక్కి వచ్చాడు, వీడురా మనిషంటే. మీలో ఒక్కడు చేస్తాడా ఈ పని? మొన్న నీ బావమరిది అమ్మిన కుండ ఇంటికెళ్ళేలోపే కారింది."

"ఆ కుండ మాట ఇప్పుడెందుకులే," అని గొణిగాడు రెండోవాడు.

"అమ్మా!" అని ముక్బిల్ ఇంట్లోకి కేకేశాడు. "కొండ తేనె కుండ ఒకటి ఇవ్వు. హారూన్‌కి."

ముసలమ్మ తేనె కుండ తెచ్చి హారూన్ చేతుల్లో పెట్టింది. ముక్బిల్ రాయి మీద కూర్చుని చెప్పులు విప్పాడు. కుడి మడమ మీద వేలిగోరంత మేర చర్మం లేచిపోయి, తడితడిగా ఎర్రగా ఉంది. దాని చుట్టూ సన్నటి గులాబీ రంగు వలయం. హారూన్ దాని మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు. ఆ వలయం తను చూస్తుండగానే కొంచెం పెద్దదైనట్టు అనిపించింది.

"దేవుడు నీ చెయ్యి చల్లగా చూడాలి," అన్నాడు ముక్బిల్.

దిగుడు దారిలో తేనె కుండ రెండుసార్లు చేతుల్లోంచి జారబోయింది.

* * *

భార్య బద్రా కుండ చూసి ముచ్చటపడింది. మర్నాడు పొద్దు గుంకితే సబ్బాతు, పని ముట్టని పవిత్ర దినం. "సబ్బాతుకి తేనె! ఈ ఇంట్లో తేనె మొహం చూసి ఎన్నాళ్ళైంది!" అంటూ వేలు ముంచబోయింది.

"ముట్టుకోకు!" హారూన్ ఆమె చెయ్యి లాగేశాడు.

"ఏమయ్యా, ఏమైంది నీకు? తేనెలో తేలు పడిందా?"

"అది మనది కాదు."

"మరి ఎవరిది? దారిలో దొరికిందా?"

అతను అరుగు మీద కూలబడి జరిగింది చెప్పాడు. అబ్దో మాట, నల్ల నరాలు, మడమ మీద పుండు. బద్రా నిలబడే విన్నది. పొయ్యి మీద రొట్టె మాడుతున్నా కదల్లేదు.

"రేపంతా కూర్చుని కొత్త జత కుట్టేస్తాను," అన్నాడు చివర్న. "మోరి కోసిన గొడ్డు తోలుంది. ఎవరికీ తెలీదు."

"కొత్త చెప్పులిస్తావు, సరే," అంది బద్రా. "కొత్త కాలిస్తావా?"

హారూన్ చెప్పుల జత చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"వాడు ఆదివారం బయల్దేరతాడు. దారిలో కాలు వాస్తుంది. ముల్లు గుచ్చుకుందనుకుంటారు. ఉమ్ము రాసి నడిపిస్తారు. విషమని తెలిస్తే ఏదో వైద్యం చేస్తారు, తెలీకపోతే ఏం చేస్తారయ్యా? ఇసకలో గొయ్యి తీస్తారు."

"చెబితే మనల్ని బతకనిస్తారా? నన్నొక్కణ్ణి అంటే సరే. పదమూడు ఇళ్ళే బద్రా! 'యూదుడు విషపు చెప్పులు తొడిగాడు' అని ఒక్క మాట లేస్తే చాలు."

బద్రా మాడిన రొట్టె తీసి కోళ్ళకి వేసింది. ఆ సాయంత్రం ఎవరూ సరిగ్గా తినలేదు. తేనె కుండ మూత తీసినవాళ్ళు లేరు. చెప్పుల జతని హారూన్ వాకిట్లో బండరాయి కింద నొక్కిపెట్టాడు. అవి వాటంతటవే నడిచి వస్తాయేమోనని భయపడ్డట్టు.

* * *

శుక్రవారం పొద్దున్నే మోరి తన కత్తి చూసుకుంటున్నాడు. అంచును గోటి మీద ఆనించి, కొస నుంచి మొదలు దాకా లాగుతూ, ఎక్కడైనా నొక్కు తగులుతుందేమోనని కళ్ళు మూసుకుని వింటున్నాడు. వెంట్రుకంత గంటు తగిలినా ఆ కత్తితో కోసింది తినడానికి పనికిరాదు.

"మోరిగారూ, ఒకాయన ఉన్నాడండీ," అని మొదలుపెట్టాడు హారూన్.

"ఉండనీ."

"ఆయన ఒక వస్తువు అమ్మాడు. ఫలానా అని చెప్పలేదు, కానీ కొన్నాయన ఫలానా అనుకున్నాడు. తర్వాత దాంట్లో ప్రమాదం ఉందని తెలిసింది. ఆ వస్తువు వెనక్కి తెచ్చేసుకున్నాడు. మంచిది పెట్టి ఇచ్చేస్తాడు. అంతటితో సరిపోతుందాండీ?"

మోరి కళ్ళు తెరిచాడు. "వెనక్కి ఎలా తెచ్చుకున్నాడు?"

"ఇంకా బాగు చేసిస్తానని చెప్పి."

"ఆయనేమన్నాడు?"

"సంతోషించాడు. నలుగురి ముందూ పొగిడాడు. తేనె ఇచ్చాడు."

"ఈ ఒకాయన వేళ్ళకి నల్లరంగు అంటుకుని ఉంటుందా?"

హారూన్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఏడు రకాల దొంగలున్నారని పెద్దలు చెప్పారు," అన్నాడు మోరి. "అందులో మొదటి పేరు గోడకి కన్నం వేసేవాడిది కాదు, మనిషి మనసు దొంగిలించేవాడిది. కొన్నవాడి నమ్మకం ఒకసారి దొంగిలించావు. దాన్ని కప్పిపుచ్చడానికి వాడి కృతజ్ఞత దొంగిలించావు. ఇప్పుడు పొద్దున్నే నా గుమ్మంలోకి వచ్చి, 'ఒకాయన' అని చెప్పి, నా మనసు కూడా లాక్కుపోదామని చూస్తున్నావు. ఒకటి అరిగేలోపు ఇంకొకటి. చెప్పులు కుట్టే వేగం కన్నా ఎక్కువే!"

"కొన్నాయన మనవాడు కాదు మోరిగారూ. ముక్బిల్."

మోరి చేతిలో కత్తి ఆగింది. ఆయన మొహంలో రంగు మారడం హారూన్ చూశాడు. అప్పటిదాకా లేని భయం అప్పుడు పట్టుకుంది అతన్ని. మోరి భయపడితే ఇక ఎవరు మిగిలారు?

మోరి కత్తిని నిదానంగా గుడ్డలో చుట్టి, "మనసుకి మతం లేదు," అన్నాడు. "ఎవరి మనసైనా దొంగిలించకూడదనే ఉంది. నాకూ ముగ్గురు ఆడపిల్లలున్నారు హారూనూ. నువ్వు వెళ్ళవద్దని చెప్పడానికి ఏదైనా మాట దొరుకుతుందేమోనని ఇప్పటిదాకా వెతికాను. దొరకలేదు. వెళ్ళు. నలుగురిలో పొగిడించుకున్నావు గనక నలుగురిలోనే చెప్పు. కొండదారి మలుపు దాకా నేనూ వస్తాను. ఆ పైన నా కాళ్ళు వస్తాయని మాటివ్వలేను."

* * *

మలుపు దగ్గర మోరి నిజంగానే ఆగిపోయాడు. హారూన్ ఒక చేతిలో తేనె కుండ, ఇంకో చేతిలో చెప్పులు పట్టుకుని ఎక్కాడు. ధైర్యం కూడగట్టుకుని బయల్దేరేసరికే పొద్దు వాలింది.

ముక్బిల్ అరుగు మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. మడమకి గుడ్డ చుట్టి ఉంది. నిన్నటి ఇద్దరూ, ఇంకో ముగ్గురూ ఉన్నారు. ముసలమ్మ లోపల పొయ్యి ముట్టిస్తోంది.

"అప్పుడే అయిపోయిందా? చేతులా అవి, మంత్రమా?" అన్నాడు ముక్బిల్.

"గుడ్డ ఎందుకన్నా?"

"కాస్త వాచింది. నీ చెప్పు బలమైందిరా."

హారూన్ కుండ కింద పెట్టాడు. చెప్పులు పక్కనే పెట్టి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇక ఆగితే మళ్ళీ ఇంకో మాటేదో వచ్చి అడ్డం పడుతుందని భయపడి, ఊపిరి తీసుకోకుండా చెప్పేశాడు. "అది మోరి కోసిన ఆవు కాదన్నా. చచ్చింది. చచ్చిందని నాకు తెలుసు. పాము కరిచి చచ్చిందని మాత్రం నిన్ననే తెలిసింది. మా పెద్దలు విషం తోలులో ఉంటుందంటారు. నిన్న ఈ సంగతి చెప్పడానికే వచ్చాను. నోరు రాక, అట్ట వేస్తానని అబద్ధం చెప్పాను. తేనె ముట్టలేదు. కాలు చూపించండి."

ముందు ఒకడు నవ్వాడు. మిగతావాళ్ళు నవ్వకపోవడంతో ఆపేశాడు.

ముక్బిల్ గుడ్డ విప్పాడు. పుండు చుట్టూ చర్మం బిగుతుగా మెరుస్తోంది. వాపు చీలమండ దాకా వచ్చింది. చెప్పు ఒరిపిడికి వచ్చిన వాపో, మరొకటో చూసి చెప్పగలిగినవాళ్ళు అక్కడెవరూ లేరు.

"వీణ్ణి ఇక్కడే..." అంటూ నిన్న కుండ మాటకి నొచ్చుకున్నవాడు లేచి, నడుములో ఉన్న వంకీ కత్తి మీద చెయ్యి వేశాడు.

"కూర్చో," అంది ముసలమ్మ. ఆమె ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. వంగి కాలు చూసింది, వేలితో నొక్కింది. నొక్కిన చోట గుంట పడి, నిదానంగా పూడింది. "వాడి సంగతి తర్వాత. ముందు ఇనప కడ్డీ పొయ్యిలో పెట్టండి."

కడ్డీ ఎర్రబడగానే నలుగురు ముక్బిల్‌ని పట్టుకున్నారు. ముసలమ్మ విషం పైకెక్కకుండా పుండుకి పైన రెండు చోట్ల కాల్చింది. ముక్బిల్ అరవలేదు. పళ్ళు కొరికిన చప్పుడు మాత్రం హారూన్‌కి తన నోట్లోనే వినబడ్డట్టు అనిపించింది. కాలిన చర్మం వాసన అరుగంతా కమ్ముకుంది. తర్వాత ఆమె ఒక బొగ్గు ముక్క తీసుకుని, పిక్క మీద ఒక గీత గీసింది.

"వాపు ఈ గీత దాటితే విషం," అంది. "దాటకపోతే..." అంటూ బొగ్గుముక్క పక్కన పడేసింది.

ముక్బిల్ చెమటతో తడిసిన మొహం హారూన్ వైపు తిప్పాడు. "పొద్దు గుంకుతోంది. మీ సబ్బాతు గదా. పో. నిన్నెవరూ ఆపరు."

వాడలో దీపాలు వెలిగించే వేళ. దారి ఖాళీగా ఉంది. పోతే పోవచ్చు. హారూన్ లేచి నిలబడి, ఆ బొగ్గు గీత వంక చూసి, మళ్ళీ కూర్చున్నాడు. కింద మలుపులో నిలబడ్డ మోరి ఇంకాసేపు చూసి, ఒక్కడే వాడ వైపు దిగిపోయాడు.

ఆ సబ్బాతు రాత్రి హారూన్‌కి ద్రాక్షరసం లేదు, రొట్టె లేదు, పాట లేదు. నోట్లో ప్రార్థన ఆడుతున్నా కన్ను గీత మీంచి కదల్లేదు. ఒకసారి వాపు గీతని తాకినట్టే అనిపించి ముసలమ్మని పిలిచాడు. ముసలమ్మ దీపం దగ్గరికి తెచ్చి చూసి, "నీడ," అని చెప్పి వెళ్ళిపోయింది.

తెల్లారేసరికి వాపు గీతకి రెండు వేళ్ళ కిందే ఉంది. ఎండ ఎక్కేసరికి నాలుగు వేళ్ళ కిందికి దిగింది. ముసలమ్మ నొక్కి చూసి నిట్టూర్చింది.

"బతికాడు. కడ్డీ బతికించిందో, అసలేమీ లేదో. ఆ తేడా చెప్పడం నావల్ల కాదు."

హారూన్ ముఖం చేతుల్లో దాచుకున్నాడు. అయిపోయింది అనుకున్నాడు. ముక్బిల్ ఉప్పుకి వెళ్ళలేకపోవచ్చు, కాలికి రెండు మచ్చలు మిగలొచ్చు. అయినా మనిషి బతికాడు, వాడ బతికింది.

ముక్బిల్ అరుగు మీద లేచి కూర్చున్నాడు. అతను హారూన్ వైపు చూడలేదు. గుమ్మం పక్కన విడిచిన చెప్పుల వైపు చూస్తున్నాడు. ముసలమ్మవి, భార్యవి, పిల్లలవి, చనిపోయిన తండ్రివి గుర్తుగా ఉంచుకున్నవి. పన్నెండేళ్ళుగా ఆ ఇంటి కాళ్ళన్నిటికీ హారూనే కుట్టాడు.

"వీటిల్లో చచ్చిన గొడ్డువి ఏవి?" అని అడిగాడు ముక్బిల్. కోపం లేదు గొంతులో. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

హారూన్ ఒక్కో జతనీ చూశాడు. రంగు పట్టించిన తోలు అన్నిటికీ ఒకేలా నల్లగా ఉంది. ఏ ఏడు ఏ తోలు ఎవరి దగ్గర కొన్నాడో, ఎవరిని అడిగాడో, ఎవరిని అడక్కుండా ఊరుకున్నాడో. "ఏవీ కావు" అనే మాట నాలుక చివర దాకా వచ్చింది. ఎంత తేలిక!

"గుర్తులేదన్నా," అన్నాడు.

అప్పుడే ముక్బిల్ చిన్నకూతురు మేకల దగ్గరికి పోవడానికి పరుగున వచ్చి, వంగి, తన చిన్న చెప్పుల మీద చెయ్యి వేసింది. ముసలమ్మ గబుక్కున ఆ చెయ్యి పట్టి వెనక్కి లాగింది. పిల్ల అర్థంకాక నాయనమ్మ మొహం, నాన్న మొహం, చెప్పులు కుట్టే ఆ మనిషి మొహం మార్చి మార్చి చూసింది. తర్వాత ఉత్త కాళ్ళతోనే రాళ్ళ మీద గెంతుతూ వెళ్ళిపోయింది.